తెర నుంచి అచ్చుపుట దాకా

ఇంటర్నెట్‌లో ఉన్న రచన వ్యాసం కావచ్చు, కథల సంపుటం కావచ్చు, విజ్ఞాన సర్వస్వంలోని పుటలు కావచ్చు. దాన్ని ముద్రణాలయం నేరుగా ప్లేటుకు ఎక్కించుకోగలిగేంత పక్కాగా పుటలు కట్టే పని గురించీ, అందుకు బ్రౌజరులోనో బ్రౌజరు సాంకేతికత ఆధారంగానో నడిచే సాధనాల గురించీ ఈ వ్యాసం. ప్రింట్ మీట నొక్కినా కాగితం మీద పుటే వస్తుంది. దాని నెత్తిన వెబ్ చిరునామా, పక్కన సగం తెగిన ప్రకటన, ఆఖరున ఒకే ఒక్క పంక్తి పడిన కాగితం ఉంటాయి. పుస్తకపు పుట అలా ఉండదు. ఎడమ పుటకు, కుడి పుటకు అంచులు వేరుగా ఉంటాయి. అధ్యాయం కుడిచేతి పుటలో మొదలవుతుంది. బొమ్మ కింది వ్యాఖ్య బొమ్మను వదిలి పక్క పుటలోకి పోదు. మొదటి రకం పుటను రెండో రకం పుటగా మార్చడానికి గత పాతికేళ్లకు పైగా ప్రయత్నాలు సాగుతున్నాయి. వాటిలో తెలుగువాళ్లకు పనికొచ్చినవి ఇంగ్లీషువాళ్లకు పనికొచ్చిన వాటికి కొంత భిన్నం.

ఎక్కడ ఆపాలి

వెబ్ రచనకు కింది అంచు ఉండదు. చదువరి వేలితో జరిపేకొద్దీ అది సాగుతుంది, ఫోను అడ్డంగా తిప్పితే పంక్తులు మళ్లీ సర్దుకుంటాయి. రాసినవారు, కూర్చినవారు ఎవరూ ఫలానా పంక్తి ఫలానా చోట ముగుస్తుందని చెప్పలేరు, చెప్పనవసరమూ లేదు. అచ్చులో మాత్రం ప్రతి పుట కిందా ఎవరో ఒకరు ఒక నిర్ణయం తీసుకోక తప్పదు. పేరాలో ఆఖరి పంక్తి ఒక్కటే తర్వాతి పుట నెత్తిన పడకూడదు. హెడ్డింగు పుట అడుగున ఒంటరిగా మిగలకూడదు. పట్టిక రెండు ముక్కలైతే పై వరస రెండో ముక్కకు కూడా రావాలి. అధోజ్ఞాపిక తన గుర్తు ఉన్న పుటలోనే ఉండాలి. అధోజ్ఞాపిక పెరిగితే మూలం తగ్గుతుంది, మూలం తగ్గితే ఆ గుర్తే పక్క పుటలోకి జారవచ్చు. అప్పుడు జ్ఞాపిక కూడా దాని వెంట పోతుంది, పాత పుటలో ఖాళీ మిగులుతుంది. అనుభవం ఉన్న డీటీపీ ఆపరేటరు దీన్ని కంటితో చూసి, ఒక పేరాను పిసరంత బిగించి సరిచేస్తాడు. యంత్రానికి నియమాలు రాసి ఇవ్వాలి.

ఆ నియమాలను రాసే భాష కొత్తదేమీ కాదు. వెబ్ రచనల రూపురేఖలను నిర్దేశించే సీఎస్ఎస్‌ను హోకన్ వియుమ్ లీ 1994 అక్టోబరులో సెర్న్ పరిశోధనశాలలో పనిచేస్తూ ప్రతిపాదించారు. దాని మొదటి ప్రమాణాన్ని, వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ 1996 డిసెంబరులో ఖరారు చేసింది. 1998 మేలో వచ్చిన రెండో ప్రమాణంలోనే తెరకు ఒక రూపం, అచ్చుకు మరో రూపం ఇచ్చే వీలు, పుట కొలతలు, అంచులు చెప్పే పద్ధతి, పేరా విరిగినప్పుడు ఇటూ అటూ కనీసం ఎన్ని పంక్తులుండాలో చెప్పే నియమం ఉన్నాయి. కాగితం మీద ఇన్ని ఉన్నా బ్రౌజర్లు తయారుచేసేవాళ్లు వాటిని పట్టించుకోలేదు. తెర మీద అందంగా కనిపించడం కోసమే పోటీ సాగింది. పుట అంచుల్లో పుటసంఖ్య, అధ్యాయం పేరు మన ఇష్టప్రకారం వేసే సౌకర్యం క్రోమ్‌లోకి 2024 చివర్లో గానీ రాలేదు.

ఆ ఖాళీని బయటివాళ్లు పూరించారు. మెల్‌బోర్న్‌లోని యెస్‌లాజిక్ సంస్థ 2003లో ప్రిన్స్ అనే సాఫ్ట్‌వేరు విడుదల చేసింది. అది వెబ్ రచనను, దాని సీఎస్ఎస్ నియమాలను తీసుకుని నేరుగా పీడీఎఫ్ పుటలు కడుతుంది. సీఎస్ఎస్ మీద లీ, బెర్ట్ బాస్ కలిసి రాసిన పుస్తకం మూడో ముద్రణను ఆ పద్ధతిలోనే కూర్చారు. అమెరికాలో హాషెట్ వంటి పెద్ద ప్రచురణ సంస్థ కూడా మామూలు నవలల పుటలను ఈ దారిలో కట్టింది. జపాన్‌కు చెందిన యాంటెన్నా హౌస్ ఫార్మాటరు అదే కోవలోది. ఇవి డబ్బు పెట్టి కొనాల్సినవి. ఉచితంగా దొరికేవాటిలో ఫ్రాన్స్‌లో పుట్టిన వీజీప్రింట్ పైథాన్ భాషలో రాసినది. జపాన్‌లో 2014 నుంచి రూపుదిద్దుకుంటున్న వివ్లియోస్టైల్, 2018లో వచ్చిన పేజ్డ్.జేఎస్ బ్రౌజరులోనే నడుస్తాయి. ఇవి తెర మీదనే పుటలను పక్కపక్కన పరిచి చూపిస్తాయి. నచ్చేదాకా నియమాలు మార్చుకుని, ఆ తర్వాత బ్రౌజరులోని ప్రింట్ మీటతోనే పీడీఎఫ్ తీసుకోవచ్చు. బిల్లులు, రసీదులు తయారుచేసే కంపెనీలు ఏళ్ల తరబడి వాడిన డబ్ల్యూకేహెచ్‌టీఎంఎల్‌టూపీడీఎఫ్ అనే సాధనం పని 2023లో ఆగిపోయింది. పుస్తకం పనికి అదెప్పుడూ సరితూగలేదు.

పుటల బాధ్యతను పూర్తిగా తమ మీద వేసుకున్న సేవలు వేరే ఉన్నాయి. 2011లో మాంట్రియల్‌లో హ్యూ మెక్‌గ్వైర్ మొదలుపెట్టిన ప్రెస్‌బుక్స్ వర్డ్‌ప్రెస్ మీద కట్టినది. అధ్యాయాలను బ్రౌజరులో రాసుకుంటూ పోతే అచ్చు పీడీఎఫ్, ఈపుస్తకం రెండూ దానికదే ఇస్తుంది. ఓవర్‌లీఫ్‌లో టెక్ భాషలో రాయాలి. గణితం, భాషాశాస్త్రం పుస్తకాలు వేసుకునేవారికి అది కొట్టినపిండి, మిగతావారికి కొరకరాని కొయ్య. కరపత్రాలు, ఆహ్వానాలు, ఎనిమిది పుటల సంచికల దగ్గర కాన్వా రాజ్యమేలుతోంది. మూడొందల పుటల పుస్తకాన్ని దానిలో కట్టడం మాత్రం ఒళ్లు హూనం చేసుకోవడమే, ఎందుకంటే అక్కడ ప్రతి పుటా విడి బొమ్మ. మొదటి అధ్యాయంలో ఒక పేరా కలిపితే మిగతా పుటలన్నీ వాటంతటవి జరగవు.

ఒక ఆటవిడుపు పత్రిక

2008 చివర్లో లండన్‌లో రస్సెల్ డేవిస్, బెన్ టెరెట్ తమ మిత్రులు ఆ ఏడాది ఇంటర్నెట్‌లో రాసిన రచనల్లో నచ్చినవి ఏరి, టాబ్లాయిడు సైజు వార్తాపత్రికగా వెయ్యి ప్రతులు అచ్చువేసి పంచిపెట్టారు. దాని పేరే ‘మా మిత్రులు ఇంటర్నెట్‌లో రాసిన సంగతులు’ అని. వార్తాపత్రికల పెద్ద రోటరీ యంత్రాలు రాత్రి ఎడిషన్ల కోసం పరిగెత్తి, పగలు చాలాసేపు ఊరికే ఉంటాయి. ఆ ఖాళీ సమయంలో కొద్ది ప్రతుల పని ఒప్పుకునే ప్రెస్సు దొరికితే, ఖరీదైన ఆర్టు పేపరు అక్కర లేకుండా, చూడటానికి నిండుగా ఉండే పత్రిక చవగ్గా వస్తుందని వాళ్లకు అర్థమైంది. 2009లో న్యూస్‌పేపర్ క్లబ్ అన్న సంస్థ అలా పుట్టింది. బ్రిటన్ టీవీ సంస్థ చానెల్ 4కు చెందిన నిధి అందులో పెట్టుబడి పెట్టింది. రచనలు, ఫొటోలు ఇస్తే బ్రౌజరులోనే కాలమ్‌లలో సర్దుకునే సాధనం ఒకదాన్ని కూడా ఆ సంస్థ కట్టింది.

ఈ ఉదంతంలో సాంకేతికత కన్నా ముడిసరుకు ఎంపిక ముఖ్యం. వార్తాపత్రిక కాగితం మీద నల్లటి పెద్ద నేపథ్యాలు పెడితే సిరా తడి ఆరక అవతలి పుటకు అంటుకుంటుంది, సన్నగీతలు ఉబ్బుతాయి, ఫొటోలు మసకబారతాయి. అందుకని ఇలాంటి సేవలన్నీ పుటలో మొత్తం సిరా పరిమితిని ముందే చెబుతాయి. ఆర్టు పేపరు మీద చెల్లే రూపకల్పన ఇక్కడ చెల్లదు. తెర మీది రచనను అచ్చుకు తెచ్చేవారు ముందుగా అడగాల్సింది ఏ సాఫ్ట్‌వేరు అని కాదు, ఏ కాగితం అని.

పుస్తకాల వైపు ఈ పని కొంత ముందే మొదలైంది. రెడ్ హ్యాట్ సాఫ్ట్‌వేరు సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన బాబ్ యంగ్, ఎన్ని ప్రతులు అడిగితే అన్నే అచ్చువేసే లులు సంస్థను 2002లో పెట్టారు. 2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐలీన్ గిట్టిన్స్ పెట్టిన బ్లర్బ్ తన కూర్పు సాధనంలో ఇంటర్నెట్ రచనలను తేదీలవారీగా లాక్కుని పుస్తకంగా పేర్చే సౌకర్యం ఇచ్చింది. హెచ్‌పీ 2008లో మ్యాగ్‌క్లౌడ్ పేరుతో ఒక్కో ప్రతి చొప్పున పత్రికలు అచ్చువేసే సేవ తెచ్చింది. మన దేశంలో బెంగళూరు నుంచి పోతీ.కామ్ 2008లో, చెన్నై నుంచి నోషన్ ప్రెస్ 2012లో ఈ బాట పట్టాయి. ఇది వీలైంది డిజిటల్ ముద్రణ వల్ల. ఆఫ్‌సెట్‌లో ఖర్చులో పెద్ద భాగం మొదటి ప్రతికి ముందే అవుతుంది. ప్లేట్లు, యంత్రం సిద్ధం చేయడం, మొదట్లో వృథాపోయే కాగితం అన్నీ పది ప్రతులకైనా, వెయ్యి ప్రతులకైనా తప్పవు. డిజిటల్ యంత్రం మీద ప్లేటు లేదు కాబట్టి ప్రతి ఖరీదు అటూ ఇటూ ఒకటే. కొద్ది ప్రతులు చాలనుకునేవారికి అది వరం, వేల ప్రతులు వేసేవారికి భారం.

విజ్ఞాన సర్వస్వాన్ని కుట్టడం

ఈ రంగంలో అందరికన్నా ఎక్కువ ఢక్కామొక్కీలు తిన్నది వికీపీడియా. జర్మనీలోని మైన్స్ నగరానికి చెందిన పీడియాప్రెస్ సంస్థతో 2007 డిసెంబరులో వికీమీడియా ఫౌండేషన్ ఒప్పందం ప్రకటించింది. కావలసిన వ్యాసాలను ఒక్కొక్కటీ ఏరుకుని, అధ్యాయాలుగా పేర్చి, పీడీఎఫ్ తీసుకునే వీలుండేది, లేదా డబ్బు కడితే అచ్చుపుస్తకం ఇంటికే వచ్చేది. ఇంగ్లీషులో అది బాగానే పనిచేసింది. తెలుగు, హిందీ, మలయాళం వ్యాసాల దగ్గరికొచ్చేసరికి చతికిలబడింది. పుటలు కట్టే ఆ పాత యంత్రాంగానికి అక్షరాలను కలపడం తెలియదు. యూనికోడ్‌లో ‘స్త్రీ’ అన్నది ఆరు సంకేతాల వరస: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘమైన గుడి. వీటిని ఒక్క అక్షరంగా పోతపోయడం ఫాంటుకూ, దాన్ని చదివే సాఫ్ట్‌వేరుకూ ఉమ్మడి పని. ఆ పని చేయని సాఫ్ట్‌వేరు ఆరింటినీ వరసగా పరిచి పెడుతుంది, పొల్లు కింద ఖాళీ సున్నా చుట్టి మరీ.

2014లో ఆ స్థానంలో టెక్ కోవకే చెందిన జీలాటెక్ ఆధారంగా నడిచే యంత్రాంగం వచ్చాక లిపుల గోడు కొంత తీరింది. పట్టికలు, సమాచారపెట్టెలు సరిగ్గా రాక కొత్త ఫిర్యాదులు మొదలయ్యాయి. 2017లో దాన్నీ ఆపేశారు. ఆ తర్వాత ఫౌండేషన్ వేరే దారి పట్టింది: ప్రత్యేక యంత్రాంగం మానేసి, సర్వరులో క్రోమియం బ్రౌజరునే తెర లేకుండా నడిపించి పీడీఎఫ్ తీయడం. దాంతో తెర మీద ఎలా కనిపిస్తే పీడీఎఫ్‌లోనూ అలాగే వచ్చింది. పోయింది ఏమిటంటే పుస్తకం. ఒక్కో వ్యాసానికి ఒక్కో పీడీఎఫ్ వస్తుంది గానీ, అనేక వ్యాసాలను ఒక్కటిగా కుట్టి, మొత్తానికి ఒక విషయసూచిక, వరస పుటసంఖ్యలు ఇచ్చే వ్యవస్థ ఆగిపోయింది. వికీసోర్స్‌కు మాత్రం విడిగా ఒక ఎగుమతి సాధనం ఉంది. పాత పుస్తకాల పాఠ్యాన్ని అధ్యాయాలన్నీ కలిపి ఈపుస్తకంగానో పీడీఎఫ్‌గానో ఇస్తుంది, ఫాంటు ఎంచుకోనిస్తుంది. తెలుగు వికీసోర్స్‌లో అక్షరీకరించిన పుస్తకాలను మళ్లీ కాగితం మీదికి తెచ్చుకోవాలనుకునేవారికి అదే దగ్గరి దారి.

ఇదంతా ఎంత పెద్ద పనో 2015లో ఆర్టిస్టు మైకేల్ మాండిబర్గ్ న్యూయార్క్‌లో చేసిన ప్రదర్శన చూపించింది. ఇంగ్లీషు వికీపీడియా మొత్తాన్ని పుస్తకాలుగా కట్టే ప్రోగ్రాము రాసి, ఫైళ్లను లులుకు ఎక్కించారు. ఒక్కోటి 700 పుటలతో 7,473 సంపుటాలు తేలాయి. కేవలం రాసినవారి పేర్లకే మరో 36 సంపుటాలు పట్టాయి. కంప్యూటరుకు ఇది సాధ్యమేనని అందరికీ తెలుసు, మనిషి చేతితో మోయలేడని కళ్లకు కట్టింది.

తెలుగు దారి

ఇంగ్లీషువాళ్లకు వెబ్ నుంచి అచ్చుకు రావడమంటే రూపం మార్చడం మాత్రమే. తెలుగులో చాలాకాలం అక్షరమే మారిపోయేది.

తెలుగు డీటీపీ రాజ్యం పేజ్‌మేకరుది. అల్డస్ 1985లో తెచ్చిన ఆ సాఫ్ట్‌వేరు 1994లో అడోబీ చేతికి వచ్చింది, 2001లో ఏడో కూర్పుతో ఆగిపోయింది. యూనికోడ్ దానికి తెలియదు. విజయవాడ, హైదరాబాదు డీటీపీ సెంటర్లలో దానితోబాటు అను ఫాంట్లో, పుణెకు చెందిన మాడ్యులర్ సంస్థ శ్రీలిపో వాడేవారు. ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలు, అంటే తలకట్టు, కొమ్ము, ఒత్తు, సగం అక్షరం, పెట్టుకుని, వాటిని పక్కపక్కన అతికించి అక్షరం కనిపించేలా చేయడం ఈ ఫాంట్ల కిటుకు. లేజరు ప్రింటరు మీద ట్రేసింగు తీసి ప్లేటు చేసుకునే రోజుల్లో కంటికి సరిగ్గా కనిపిస్తే చాలు, లోపల ఏముందో ఎవరికి కావాలి? అచ్చు నాణ్యత కూడా బాగుండేది. చాలా ఏళ్ల తెలుగు పుస్తకాలు వాటితోనే వచ్చాయి, ఇప్పటికీ వస్తున్నాయి.

చిక్కు వెబ్‌తో వచ్చింది. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నాటి మొదటి కూర్పులోనే చోటు ఉంది. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు వచ్చాక, ఇంటర్నెట్‌లో తెలుగు రాత యూనికోడ్‌కు మారింది. 1998లో మొదలైన ఈమాట వంటి పత్రికలు, 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా అంతా ఇప్పుడు యూనికోడే. అలా వెబ్ ఒక సంకేతంలో, ప్రెస్సు మరో సంకేతంలో పాతుకుపోయాయి. రచయిత తెర మీద అచ్చుతప్పుల్లేకుండా దిద్దుకున్న కథను పుస్తకం వేయాలంటే ఉండేవి రెండే మార్గాలు: ఆపరేటరు చేత మళ్లీ టైపు చేయించడం, లేదా మార్పిడి ప్రోగ్రాములో వేసి అను సంకేతాల్లోకి దించడం.

మార్పిడిలో జారిపోయేవి చిన్నచిన్నవే, కానీ ప్రూఫు చూసేవాళ్ల ప్రాణం తీస్తాయి. మూలంలో ఉన్న ఇంగ్లీషు మాట, ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలు కూర్చున్నాయి కనుక, అర్థంలేని ఒత్తుల గుంపుగా మారి కూర్చుంటుంది. అరసున్న, బండి ర ఉన్న పాత కావ్యభాగాలైతే మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. ‘సాఫ్ట్‌వేర్’ అని రాయడానికి ట, వ మధ్య కంటికి కనబడని ఒక సంకేతం ఉంటుంది, పొల్లును పొల్లుగానే నిలబెట్టేది. అది రాలిపోతే ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. ‘ఫేస్‌బుక్’ ‘ఫేస్బుక్’ అవుతుంది. రెండు వందల పుటల పుస్తకంలో ఇలాంటివి వందల్లో ఉండొచ్చు, ప్రతిదీ కంటితోనే పట్టుకోవాలి. పైగా అలా దించిన పాఠ్యంలో అచ్చుకు ముందు చేసిన దిద్దుబాట్లు వెబ్ ప్రతికి తిరిగి రావు. పుస్తకంలో ఒక పాఠం, తెర మీద ఒక పాఠం మిగిలిపోతాయి.

అడోబీ ఇన్‌డిజైన్‌లో భారతీయ లిపులను సరిగ్గా కూర్చే యంత్రాంగం 2012 నాటి సీఎస్6తో అధికారికంగా అందుబాటులోకి వచ్చింది. అయినా డీటీపీ సెంటర్లలో పాత అలవాటు, పాత కీబోర్డు, పాత ఫైళ్లు వెంటనే వదలవు. ఈలోగా బ్రౌజర్లు ఈ సమస్యను చడీచప్పుడు లేకుండా పరిష్కరించేశాయి. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రే ఆఫీస్ మూడింట్లోనూ అక్షరాలు కలిపే పని చేసేది హార్ఫ్‌బజ్ అనే ఒకే ఉచిత సాఫ్ట్‌వేరు. ఎంత ముదురు సంయుక్తాక్షరమైనా, ఫాంటులో ఆకారం ఉంటే, అది తప్పకుండా కలిపి ఇస్తుంది. అందువల్ల ఒక విచిత్ర పరిస్థితి ఏర్పడింది: వేలు పోసి కొన్న పాత పుటల కూర్పు సాఫ్ట్‌వేరు కన్నా ఫోనులో ఉచితంగా వచ్చిన బ్రౌజరుకే తెలుగు అక్షరం బాగా వచ్చు. వెబ్ ఆధారిత పుటల కూర్పు తెలుగుకు తెచ్చిన అసలు లాభం అందచందాలు కావు. రచయిత దిద్దిన పాఠమే, మధ్యలో ఎవరూ మళ్లీ టైపు చేయకుండా, పుటలోకి వస్తుంది.

ఫాంట్ల కరవు కూడా ఇప్పుడు లేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన మొదట్లో చాలామందికి ఆసరా. తర్వాత సిలికానాంధ్ర చొరవతో వచ్చిన ఫాంట్లు మండలి, రామభద్ర, గురజాడ, ధూర్జటి, పెద్దన వంటివి గూగుల్ ఫాంట్లలో చేరి ఉచితంగా దొరుకుతున్నాయి. మూలపాఠానికి మండలి, నోటో సెరిఫ్ వంటివి పనికొస్తాయి. రామభద్ర బొద్దుగా హెడ్డింగులకు నప్పుతుంది. పుట నిండా వాడితే కళ్లు పొడుస్తుంది.

ఇంగ్లీషు కోసం రాసిన నియమాలను తెలుగుకు అలాగే పెడితే ముందు దెబ్బతినేది పంక్తుల మధ్య ఎడం. ఇంగ్లీషుకు అక్షరం సైజుకు 1.2 నుంచి 1.4 రెట్లు ఉంటే చాలు. తెలుగులో ఒక పంక్తిలోని ‘వస్త్రం’ కింది ఒత్తు, దాని కింది పంక్తిలోని ‘శ్రీ’ పైగుడి గుద్దుకుంటాయి. 1.5కు తగ్గకుండా, వీలుంటే 1.6 దాకా పెట్టుకోవాలి. పుటలు పెరుగుతాయి, ఖర్చు పెరుగుతుంది, అయినా తప్పదు. రెండోది రెండు వైపులా సమానంగా అంచు కట్టడం. తెలుగు మాటలు ఒకదానికొకటి అతుక్కుని చాంతాడంత పొడుగవుతాయి. డెమీ 1/8 సైజు పుస్తకంలో నాలుగంగుళాల పైచిలుకు పంక్తిలో అలాంటి మాట పట్టక కిందికి పోతే, పైన మిగిలిన నాలుగైదు మాటల మధ్య గుమ్మాలంత ఖాళీలు పడతాయి. మాటను విరిచే నియమాలు కావాలి. సాఫ్ట్‌వేరు ఇంజనీరు సంతోష్ తోట్టింగల్ తెలుగుతో సహా పలు భారతీయ భాషలకు అవి తయారుచేసి పెట్టారు. టెక్, లిబ్రే ఆఫీస్ వాటిని వాడుకుంటాయి. రచనకు ‘ఇది తెలుగు’ అన్న భాషా సూచన పెట్టకపోతే మాత్రం ఏ సాధనమూ వాటిని ముట్టుకోదు. ఇక విరిచిన చోట అడ్డగీత వేయాలా వద్దా అన్నది వేరే తగాదా. మన పాత ప్రెస్సులు చాలావరకు గీత లేకుండానే అక్షరం దగ్గర తెంచేవి, చదివేవాళ్లకు ఇబ్బందీ లేదు. గీతను తీసేసే వీలు సీఎస్ఎస్‌లో ఉంది, వాడుకోవడమే మేలు.

ప్రెస్సు వాడు వెనక్కి పంపేవి

బ్రౌజరు ఇచ్చిన పీడీఎఫ్ చూడటానికి ముచ్చటగా ఉన్నా ప్రెస్సులో తిరస్కరణకు గురయ్యే సందర్భాలు కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది నలుపు. తెర రంగులు ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతుల కలయిక. ప్రెస్సు రంగులు సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలు. బ్రౌజరు పీడీఎఫ్‌లో రంగులన్నీ మొదటి పద్ధతిలోనే ఉంటాయి. నాలుగు రంగుల పుస్తకానికి దాన్ని ఆలోచించకుండా మార్చితే, మూలపాఠంలోని నల్లని అక్షరం నాలుగు సిరాల మిశ్రమం అవుతుంది. నాలుగు ప్లేట్లు వెంట్రుకవాసి అటూ ఇటూ జరిగితే చాలు, ఒత్తుల చుట్టూ గులాబీరంగు, నీలిరంగు నీడలు కనిపిస్తాయి. భూతద్దం పెడితే స్పష్టంగా తెలుస్తుంది, లేకపోతే పుట ఎందుకో మసగ్గా ఉందనిపిస్తుంది. మార్చేటప్పుడు శుద్ధమైన నలుపును నల్లసిరా ఒక్కదానికే కేటాయించమని చెప్పాలి. ప్రిన్స్ నేరుగా సిరాల లెక్కలో రంగులు తీసుకుంటుంది. వివ్లియోస్టైల్‌లో ప్రెస్సుకు పనికొచ్చే పీడీఎఫ్/ఎక్స్ రకంగా మార్చే సదుపాయం ఉంది. మిగతావాటికి గోస్ట్‌స్క్రిప్ట్ వంటి మరో మెట్టు ఎక్కాలి. ఒంటిరంగు పుస్తకానికైతే ఈ గొడవ లేదు, అందుకే కథలు, కవితలు వేసుకునేవాళ్లు ఈ దారిలో తొందరగా గట్టెక్కుతారు.

బొమ్మలది చిన్న లెక్క. అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. వెబ్‌లో వ్యాసం మధ్య పెట్టిన 600 చుక్కల వెడల్పు ఫొటో కాగితం మీద రెండంగుళాలకే చాలుతుంది. దాన్ని పుట వెడల్పుకు సాగదీస్తే గళ్లుగళ్లుగా పడుతుంది. పెంచే సాఫ్ట్‌వేర్లు ఎన్ని ఉన్నా, మూల ఫొటో తీసినవాళ్లను అడిగి తెచ్చుకోవడమే పద్ధతి.

అంచు దాకా రంగు పరిచిన పుటలకు కటింగు గీత దాటి 3 మిల్లీమీటర్లు అదనంగా రంగు ఉండాలి, లేకపోతే కత్తి కాస్త పక్కకు పడినా తెల్లని సన్నగీత బయటపడుతుంది. కుట్టు వైపు అంచు బయటి అంచు కన్నా ఎక్కువ వదలాలి. పుటల మొత్తం 16 పుటల ఫారాల లెక్కకు సరిపోవాలి. 192 పుటలంటే 12 ఫారాలు. 193వ పుటలో రెండు పంక్తులు మిగిలాయంటే, ప్రెస్సుకు చెప్పుకునే ముందు పంక్తి ఎడమో అంచో పిసరంత తగ్గించి చూసుకోవాలి. సీఎస్ఎస్‌లో అది ఒక అంకె మార్చడమే. మునుపు డీటీపీలో పుటపుటకూ చేసుకునే ఆ సర్దుబాటు ఇప్పుడు క్షణాల్లో మొత్తం పుస్తకానికి జరిగిపోతుంది. ఈ ఒక్క విషయంలో కొత్త పద్ధతికి పోటీ లేదు.

లింకులు, హక్కులు, తేదీ

తెర మీద రచయిత ‘ఇక్కడ చూడండి’ అని రాసి ఒక లింకు ఇచ్చి ఊరుకుంటాడు. కాగితం మీద ‘ఇక్కడ’ ఎక్కడో ఎవరికీ తెలియదు. సీఎస్ఎస్ నియమంతో ప్రతి లింకు పక్కనా దాని పూర్తి చిరునామా దానికదే అచ్చయ్యేలా చేయవచ్చు. కానీ తెలుగు వికీపీడియా చిరునామాలు శాతం గుర్తులతో, అంకెలతో నాలుగు పంక్తులు ఆక్రమిస్తాయి. పుస్తకంలోనే ఉన్న మరో అధ్యాయానికి లింకయితే దాన్ని పుటసంఖ్యగా మార్చడం ఈ సాధనాలకు తెలుసు. పుటలు మారితే సంఖ్యా మారుతుంది. బయటి లింకులకు క్యూఆర్ గుర్తు కొందరు వాడుతున్నారు. అది చిన్న పుటల్లో బొమ్మలాగే చోటు తింటుంది. చాలా సందర్భాల్లో వాక్యాన్ని తిరగరాసి, చెప్పదలచింది అక్కడే చెప్పడమే ఉత్తమం. ఇది ఏ సాఫ్ట్‌వేరూ చేయదు, సంపాదకుడే చేయాలి.

ఇంటర్నెట్‌లో ఉచితంగా చదవగలిగినంత మాత్రాన అచ్చువేసుకునే హక్కు వచ్చినట్టు కాదు. 1957 నాటి మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్ల దాకా రచనపై హక్కు వారసులది. వికీపీడియా వంటి స్వేచ్ఛా అనుమతి ఉన్న రచనలను అచ్చువేసి అమ్ముకోవచ్చు. రాసినవారిని పేర్కొనాలి, మార్చి వేస్తే అదే అనుమతి కింద వేయాలి, ఫొటోలకు విడివిడి షరతులు చూసుకోవాలి. మాండిబర్గ్ పేర్లకే 36 సంపుటాలు పెట్టింది ఈ షరతు వల్లే. చిన్న పుస్తకంలో కూడా వెనక రెండు పుటలు దీనికి విడిచిపెట్టాలి.

ఇక వెబ్ రచన ఒకచోట ఆగదు. అచ్చు పీడీఎఫ్ తీసిన మర్నాడే ఎవరో ఒక సంవత్సరం సరిదిద్దుతారు, ఒక పేరా కలుపుతారు. అందుకని ఇలాంటి పుస్తకాల ముద్రణ వివరాల పుటలో, ధర, ప్రతులు, ప్రెస్సు పేరుతోబాటు, ఏ తేదీ నాటి పాఠాన్ని తీసుకున్నదీ వేయాలి. వికీల్లో ప్రతి మార్పుకూ ఒక శాశ్వత సంఖ్య ఉంటుంది. ఒక్కో వ్యాసం చివర ఆ సంఖ్య వేస్తే, పుస్తకంలోని పాఠానికీ తెర మీద ఇప్పుడున్న పాఠానికీ తేడా ఎక్కడుందో చదువరి తానే పోల్చి చూసుకోగలడు. మలి ముద్రణకు ఏం మార్చాలో ప్రచురణకర్తకూ తెలుస్తుంది.